శుక్రవారం నూనె

చిత్తూరు నుంచి కార్వేటినగరం మీదుగా పుత్తూరుకు బస్సు నడిపే దేవరాజులుకు ఒక పిచ్చి ఉండేది. పిచ్చి అన్నది ఊరివాళ్ళు, నేనైతే అనను. శుక్రవారం సాయంత్రం ఇంట్లో దీపం కొండెక్కాక ప్రమిదలో మిగిలిన శెనగనూనెను చిన్న గిన్నెలోకి వంచుకునేవాడు. మర్నాడు పొద్దున్నే తలుపు బందులకు ఒక చుక్క, బ్రేకు పెడలు కీలుకు ఒక చుక్క, ఆక్సిలేటరు కడ్డీ కీళ్ళకు రెండు చుక్కలు వేసి, ఆ తర్వాతే బండెక్కేవాడు.

అది అతని భార్య జ్ఞానాంబ పెట్టిన అలవాటు. "నా చేతి దీపం నూనె బండికి తగిల్తే నువ్వు భద్రంగా ఇల్లు చేరతావు" అనేది. తొమ్మిదేళ్ళు అలాగే చేరాడు. ఇల్లు కదలని ఆమెను కలరా ఎత్తుకుపోయింది. ఆ తర్వాత దీపమూ అతనే పెట్టాడు, నూనె కూడా అతనే తెచ్చాడు.

పెట్రోలు రోజుల్లో ఆ నూనె ఎవరికీ కీడు చెయ్యలేదు. యుద్ధం వచ్చి పెట్రోలు దొరక్కుండా పోయింది. బస్సుల వెనక బొగ్గుల డ్రమ్ములు తగిలించారు, బొగ్గు కాలిన గ్యాసుతోనే ఇంజను నడవాలి. మసి పట్టని చోటంటూ లేదు. మెకానిక్కు చిన్నబ్బ ఒకసారి చెప్పిచూశాడు.

"అన్నా, శెనగనూనె వేడికి జిగురైతాది. దానికి బొగ్గుపొడి తోడైతే బంకే. మానుకో."

"దేవుని నూనెరా అది" అని నవ్వేశాడు దేవరాజులు. దేవుని నూనె కాదని ఇద్దరికీ తెలుసు.

స్టీరింగు మీద అతని చెయ్యి చాలా మెత్తన. చెయ్యో కాలో విరిగిన పిల్లలను ఒళ్ళో పెట్టుకొని, ఎముకలు అతికించే పుత్తూరు కట్టుకు పోయే తల్లులు ముందొచ్చిన బస్సును వదిలేసి, దేవరాజులు బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చునేవాళ్ళు. ఒకప్పుడు ఒంటెద్దు బండి తోలుకున్న మనిషికి ముప్పై ఏళ్ళు దాటాక దక్కిన పేరది. పిల్లలు లేరు, పొలం లేదు. భార్య పోయాక ఆ పేరు ఒక్కటే మిగిలింది.

పందొమ్మిదివందల నలభై మూడు వేసవిలో, ఒక శనివారం, బస్సు కార్వేటినగరం దాటి ఎత్తెక్కుతోంది. బొగ్గు గ్యాసుకు సత్తువ తక్కువ, ఆక్సిలేటరు అడుగంటా తొక్కితే తప్ప బండి కదలదు. ఎత్తు అయిపోయి పల్లం మొదలైంది. దేవరాజులు కుడికాలు తీశాడు. ఆక్సిలేటరు మాత్రం లేవలేదు.

ఇంజను హోరెత్తింది. కాలి బొటనవేలితో పైకి లాగాడు, రాలేదు. బ్రేకు తొక్కాడు, వేగం పూర్తిగా తగ్గలేదు. కింద మలుపులో ఎద్దుబండ్ల వరస, వాటి పక్కన నడిచే ఆడవాళ్ళు.

ఇంజను స్విచ్చి కట్టేస్తే సరిపోయేది. ఈ మాట ఇంట్లో కూర్చున్నవాడు ఎవడైనా చెబుతాడు. బొగ్గు బస్సు దారిలో ఆగిపోతే మళ్ళీ చక్రం తిప్పి, గాలి కొట్టి, నిప్పు రాజేసి, గ్యాసు పుట్టించేసరికి అరగంట. అందుకే ఆ డ్రైవర్లు ఊరు చేరేదాకా ఇంజను ఆపరు. రెండేళ్ళుగా స్విచ్చి మీదికి పోని చెయ్యి ఆ క్షణాన కూడా పోలేదు, గేరు కడ్డీ మీదికి పోయింది. బలవంతంగా కింది గేరులోకి తోశాడు.

గేరు పళ్ళు విరిగిన చప్పుడుకు బస్సులోని పసిపిల్లలు కూడా ఏడుపు ఆపారు. కండక్టరు కుప్పయ్య ఫుట్‌బోర్డు మీది నుంచి లోపలికి దూకి స్విచ్చి తిప్పేశాడు. ఇంజను చచ్చింది. బ్రేకు పట్టింది. బస్సు మలుపుకు ముందే ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు.

సాయంత్రానికి చిన్నబ్బ వచ్చి గేరుపెట్టె విప్పాడు. ఇనుప ముక్కలు గుప్పెడు రాలాయి. "దొరల సీమ నుంచి ఓడలో రావాల్సిన సామానన్నా ఇది. యుద్ధం అయ్యేదాకా బండి రాళ్ళ మీదే." తర్వాత ఆక్సిలేటరు కడ్డీ చూశాడు. కీళ్ళ నిండా నల్లటి బంక. వేలికి తీసి వాసన చూసి, ఆ వేలు దేవరాజులు ముందు పెట్టాడు. మాడిన ప్రమిద వాసన.

"బొగ్గు తారు పట్టేసిందని చెప్పేస్తాలే" అన్నాడు చిన్నబ్బ.

"తారు వడకట్టే పని కుప్పయ్యది గదా. వాని నెత్తిన పడతాది. నలుగురు బిడ్డలుండారు వానికి."

"అట్లైతే నూనె అని చెప్పు. ఉండే మాటే గదా."

"నా నోట రాదబ్బా. సచ్చిపోయినదాని నూనె బస్సును మింగిందని పుత్తూరు దాకా చెప్పుకుంటారు."

చిన్నబ్బ గుడ్డ తీసుకొని ఆ బంకను శుభ్రంగా తుడిచేశాడు.

యజమాని సుందరరాజు వచ్చేసరికి కడ్డీ తళతళలాడుతోంది. "ఏమైనాది దేవరాజులూ?"

"తప్పు నాదే సామీ. పల్లంలో తొందరపడి గేరు మార్చినాను."

"ఇంతకాలం నడిపినోడివి. నువ్వా?"

సుందరరాజు తిట్టనైనా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆ మాట బస్సుల కన్నా వేగంగా తిరిగింది. మరే యజమానీ అతనికి స్టీరింగు ఇవ్వలేదు. చిత్తూరు బస్టాండులో బొగ్గు జల్లించే పనికి కుదిరాడు. కట్టుకు పోయే తల్లులు "ఏ బస్సు మెల్లిగా పోతాది నాయనా?" అని అడిగితే, మసి చేత్తో ఎవరిదో ఒక బస్సు చూపించేవాడు.

శుక్రవారం దీపం మాత్రం మానలేదు. కొండెక్కాక ప్రమిదలో నూనె ఎప్పటిలాగే మిగిలేది. దాన్ని గిన్నెలోకి వంచుకొని, గోడకు ఆనుకొని కూర్చొని, తన కుడి పాదానికి రాసుకునేవాడు.