చెత్త ట్రాక్టరు వెంట మా ఆవు

ఒకరు నగలు చూసి కుళ్ళుకుంటారు, ఒకరు చీరలు చూసి కుళ్ళుకుంటారు. నేను చెత్తను చూసి కుళ్ళుకున్నాను. నవ్వండి, నవ్వండి. వాన మొహం చాటేసిన ఏడు అనంతపురం పల్లెలో ఆవును మేపి చూడండి, తెలుస్తుంది.

ఆ ఏడు పక్క టౌనులో మున్సిపాలిటీ చెత్త యార్డు నిండిపోయింది. కూరగాయల మార్కెట్టులో మిగిలిన ఆకూ అలమూ అడిగిన రైతుల చేలల్లో పోయమని కౌన్సిల్లో తీర్మానం చేశారు. మా తోడికోడలు ముందే పోయి అడిగింది. వాళ్ళ చేను రోడ్డు పక్కన, మాది గుట్ట వెనక. ఇంకేముంది, రోజూ పొద్దున్నే మైకులో పాట పెట్టుకుని ట్రాక్టరు వాళ్ళ చేలో దిగేది. క్యాబేజీ ఆకులు, ముల్లంగి ఆకులు, మొక్కజొన్న తొక్కలు! వాళ్ళ ఆవులు నిగనిగలాడాయి. మా ఇంట్లో మేతకు దాచిన వేరుశనగ కట్టె అయిపోయి ఆవుకు పక్కటెముకలు తేలాయి. ఇట్లాగే ఉంటే సంతకు తోలాల్సిందేనని మా ఆయన అన్నాడు. తల్లి చనిపోతే నా చేత్తో గంజి తాగించి పెంచిన ఆవు అది.

"ఒక మోపు తీస్కపో అక్కా" అంది తోడికోడలు.

"మీ ఎంగిలి మాకెందుకులేమ్మా" అన్నాను. అంత మంట నాకు.

నేరుగా మున్సిపల్ ఆఫీసుకే పోయాను. మాకూ ఒక ట్రిప్పు పంపమంటే, అక్కడి సారు తల ఎత్తకుండానే, "చెత్త మున్సిపాలిటీదమ్మా. యాడికి పంపల్లో మేం చెప్పల్ల, నువ్వు కాదు" అన్నాడు. ఊరికే వదిలానా? తిరిగి తిరిగి ఒప్పించాను. తీరా డ్రైవరు, "గుట్టెనక దావ ల్యాదు, టైర్లు పోతాయి" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడు.

ఈలోగా మా ఆవే దారి కనుక్కుంది. పాట వినపడితే చాలు, పలుపు తెంపుకుని తోడికోడలి చేలోకి పరుగు. సాయంత్రం పోయి పిలిస్తే తల కూడా తిప్పేది కాదు. ఆమె గంగడోలు నిమురుతుంటే కళ్ళు మూసుకుని నిలబడేది. నా ఒళ్ళు భగ్గుమనేది. తింటే తిననీ, ఆ కళ్ళు మూసుకోవడం ఎందుకంట?

అంతలో కొత్త యార్డు కట్టారు. ఇకమీద ఆకు ముక్క కూడా బయట పోయకూడదన్నారు. పాట పాడుకుంటూ ట్రాక్టరు తోడికోడలి చేను దాటి పోయింది. తిక్క కుదిరిందిలే అనుకున్నాను లోపల. నా సంతోషం ఆ పూటకే. మా ఆవు ట్రాక్టరు వెంటబడి పోయి యార్డులో దూరింది.

విని నేనూ తోడికోడలూ పరిగెత్తాం. వాచ్‌మన్ గేటుకు అడ్డం నిలబడ్డాడు. "ఎవురిదమ్మా ఈ ఆవు? ఇంగోసారి వస్తే బందెలదొడ్డికి తోలిస్తా."

నేను తోడికోడలి వైపు చూశాను. ఇన్నాళ్ళూ మేపింది ఆమె. ఇది నాదేనని ఆమె అంటే ఏం చెయ్యను?

"మా అక్కదన్నా" అని తోడికోడలు పలుపు కట్టి నా చేతిలో పెట్టింది.

లాగాను. ఆవు కదల్లేదు. ఆమె రెండడుగులు వేసిందో లేదో, నన్ను ఈడ్చుకుంటూ ఆమె వెనకే నడిచింది. వాళ్ళ కొట్టం దగ్గర ఆమె ఆగింది. "మా ఆవులు ఇన్నాళ్ళూ ఆకులే తిన్యాయి కదక్కా, మా వామిలో కట్టె అట్లే ఉండాది. వానలు పడేదాకా ఈడే కట్టెయ్. సంతకు మాత్రం వద్దు."

ఈసారి వద్దనలేదు. నా చేతులతో నేనే కట్టేశాను. ఆవు కళ్ళు మూసుకుంది. ఆమె ఇంకా చెయ్యి కూడా వెయ్యలేదు.