అడుగు అంచు కనబడేదాకా

ఎండలు ముదరగానే మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో మజ్జిగ పెడతారు. నిన్న ఎవరికి బుద్ధి పుట్టిందో గానీ అందులో దబ్బాకు నలిపి వేశారు. గ్లాసు ముక్కు దగ్గరికి వచ్చిందో లేదో, విజయవాడ స్టాఫ్‌రూమ్ ఎటో పోయింది. బందరులో మా పక్కింటి కామేశ్వరి టీచర్‌గారి వసారా, ఆ ఉయ్యాలబల్ల, దాని పక్కన రెండు జడలతో, కడుపునిండా కుళ్ళుతో నిలబడిన నేను. ఇన్నేళ్ళయినా ఆ మజ్జిగ వాసనకి నాకు దాహం వెయ్యదు, ఒళ్ళు మండుతుంది.

టీచర్‌గారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పొట్టి మనిషి, జరీ లేని నేత చీర, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. కేబుల్ టీవీ మా వీధిలోకి ఇంకా రాని రోజులవి. వేసవి సెలవుల్లో పొద్దున్నే పిల్లలందరం ఆవిడ వసారాలో చేరితే ఒక చిక్కులెక్క చెప్పేవారు. ఇక ఆ రోజంతా మా ఇష్టం. తొక్కుడుబిళ్ళ ఆడుకున్నా, ఏడుపెంకులాట ఆడుకున్నా, లెక్క బుర్రలో నానుతూ ఉండాలి. జవాబు తట్టినవాళ్ళు అరవకూడదు. వెళ్ళి ఆవిడ చెవిలో చెప్పి, నోరు మూసుకుని మళ్ళీ ఆటలోకి వచ్చెయ్యాలి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగే వేళకి అందరి ముందూ చేసి చూపించాలి. ముందుగా చెప్పినవాళ్ళకి ఉయ్యాలబల్ల మీద ఆవిడ పక్కన చోటు, దబ్బాకు వేసిన మజ్జిగ మొదటి గ్లాసు. ఆ చోటు నాది. రాసివ్వలేదన్న మాటే గానీ, వీధిలో అందరికీ తెలుసు.

ఆ వేసవిలో ఎదురింట్లో ఉండే వాళ్ళ నానమ్మ దగ్గరికి గుడివాడ నుంచి నజీమా వచ్చింది. నా ఈడుదే. లెక్క విన్నాక నేను మొహం ముడుచుకుని గోడ వైపు తిరిగేదాన్ని. తను మాత్రం ఆ మాటే మర్చిపోయినట్టు ఒంటికాలి మీద గెంతుతూ ఆడేది. ఆడుతూ ఆడుతూ మధ్యలో బిళ్ళ పక్కన పడేసి వెళ్ళి టీచర్‌గారి చెవిలో ఏదో చెప్పి వచ్చేది. వారం తిరక్కుండా ఉయ్యాలబల్ల మీద నా చోట్లో ఆ పిల్ల కాళ్ళూపుతూ కూర్చోవడం మొదలైంది. నాకు అన్నం సయించేది కాదు. "దిష్టి తగిలిందేమోనే," అని అమ్మ ఉప్పు తిప్పి పోసింది. అసలు దిష్టి పెడుతున్నది నేనని ఆవిడకేం తెలుసు.

ఒకరోజు టీచర్‌గారు మూడు ఇత్తడి డబ్బాలు తెచ్చి పెట్టారు. గోడలు నిటారుగా ఉండే డబ్బాలు. పెద్దదానికి సరిగ్గా ఎనిమిది గ్లాసులు పడతాయి, మిగతా రెంటికీ అయిదూ, మూడూ. "పెద్దదాన్నిండా మజ్జిగ పోస్తాను. ఈ డబ్బాలు తప్ప ఇంకేం ముట్టుకోకూడదు. ఇద్దరికి సమానంగా పంచాలి, అంతే," అన్నారు. ఆ పూట నేను ఆటకే వెళ్ళలేదు. పెరట్లో పంపు కింద కూర్చుని మనసులోనే పోశాను, ఒంపాను, మళ్ళీ పోశాను. మధ్యాహ్నానికి తట్టేసింది. పరిగెత్తి టీచర్‌గారి చెవిలో చెప్పాను. ఆవిడ నా జడ లాగి "భేష్" అన్నారు. నజీమా ఇంకా వీధిలో గెంతుతూనే ఉంది. ఆ సుఖం ఏమని చెప్పను!

సాయంత్రం అందరూ చుట్టూ మూగితే, అందులోంచి ఇందులోకి, ఇందులోంచి అందులోకి, ఒక్క చుక్క కింద పడకుండా పోసి పోసి చివరికి నాలుగూ నాలుగుగా పంచాను. ఉయ్యాలబల్ల ఎక్కబోతున్నాను. చెమటలు కక్కుతూ వచ్చిన నజీమా డబ్బాల వంక చూసి, "ఇన్నిసార్లు పొయ్యడం ఎందుకు టీచర్? ఒక్కసారి వంచితే చాలు కదా," అంది.

"ఎలా?" అన్నారు టీచర్‌గారు.

మజ్జిగంతా తిరిగి పెద్ద డబ్బాలో పోసింది. అయిదు గ్లాసుల డబ్బా మీదికి దాన్ని మెల్లగా వంచుతూ, లోపల అడుగు అంచు అలా కనబడీ కనబడగానే ఆపేసింది. "పోసింది సగం, ఉన్నది సగం. మా ఇంట్లో నేనూ అన్నయ్యా షర్బత్ ఇలాగే పంచుకుంటాం. అడుగు కనబడేదాకా వాడిది, మిగతాది నాది." టీచర్‌గారు గ్లాసుతో కొలిచి చూశారు. నాలుగూ నాలుగే.

"అది లెక్క కాదు టీచర్, మోసం," అన్నాను.

"నేను చెప్పిన షరతుల్లో ఏది తప్పిందే?" అన్నారు. అప్పుడావిడ చేసిన పని నేను ఈ జన్మలో మర్చిపోను. ఉయ్యాలబల్ల దిగి, నజీమాని దాని మీద కూర్చోబెట్టి, ఆ పిల్ల కాళ్ళ దగ్గర నేలమీద చతికిలబడ్డారు. "ఇంకోసారి చూపించమ్మా," అన్నారు, బళ్ళో పిల్లలా తలెత్తి. చోటు పోయినందుకు కాదు నేను ఏడ్చింది. నాకోసం ఆవిడ ఎప్పుడూ నేలమీద కూర్చోలేదు.

నేను వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ వెనక్కి చూడకుండానే పిలిచారు. "ఏమే పద్మా, కుళ్ళుగా ఉందా?"

"ఉంది," అన్నాను, పొగరుగానే.

"నాకూ ఉంది. ఎన్నేళ్ళుగా ఇస్తున్నాను ఈ లెక్క, ఒక్కసారి డబ్బా వంచి చూడాలని తోచలేదు నాకు. కుళ్ళుకో, ఎవరొద్దన్నారు? అక్కడ గేటు దగ్గర నిలబడి కుళ్ళుకుంటే ఏమొస్తుంది, కడుపుమంట తప్ప? ఇలా వచ్చి కూర్చో. ఎలా చేసిందో చూస్తూ కుళ్ళుకో."

వెళ్ళాను. ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను. నజీమా డబ్బా వంచుతుంటే, పళ్ళు కొరుక్కుంటూనే, రెప్ప వెయ్యకుండా చూశాను. ఆ తర్వాత కూడా ఆ పిల్లంటే నాకు ప్రేమ పుట్టుకు రాలేదు, అబద్ధం ఎందుకు? సెలవులయ్యాక తను గుడివాడ బస్సెక్కితే హమ్మయ్య అనుకున్నాను. కానీ మరుసటి వేసవిలో మళ్ళీ ఎప్పుడొస్తుందా అని ఎదురింటి వైపు చూసిందీ నేనే.

టీచర్‌గారు పోయి చాలాకాలమైంది. నాలో ఆ కుళ్ళు మాత్రం ఏమీ తగ్గలేదు. ఈ మధ్యే మా కాలేజీలో ఒక కుర్ర లెక్చరర్ చేరాడు. నా క్లాసులో ఆవులించే పిల్లలే అతని క్లాసులో బెంచీల మీద నుంచి లేచి మరీ ప్రశ్నలడుగుతారు. గోడ అవతల్నుంచి ఆ నవ్వులు వినబడుతుంటే నా చేతిలో సుద్దముక్క విరిగిపోతోంది. నిన్న ఆ మజ్జిగ గ్లాసు తాగడం పూర్తి చేసి, అతని క్లాసుకి వెళ్ళి, చివరి బెంచీలో ఒక పిల్లని జరగమని కూర్చున్నాను. అతను కంగారుపడి బోర్డు తుడవబోయాడు.

"తుడవకండి," అన్నాను. "నాకు ఒళ్ళు మండిపోతోంది గానీ, ఇంకోసారి చూపించండి."