ఏటి నీళ్ళు

శ్రీకాకుళంలోని ఒక ప్రభుత్వ నీటి పరీక్షల ప్రయోగశాలకి జూనియర్ సైంటిస్టుగా నన్ను బదిలీ చేసేనాటికి నా పదవీ విరమణకి ఇంకా ఆరేళ్ళుంది. నవంబరు మొదటి వారంలో, ఒక సోమవారం నాడు చేరాను. మాది తెనాలి దగ్గర. పుట్టిందీ, చదివిందీ, అప్పటిదాకా పనిచేసిందీ అంతా కృష్ణకి అటూ ఇటూనే. ఈ సంగతి ముందే చెప్పడం దేనికంటే, తరవాత జరిగినదానికి వేరే కారణమేదీ లేదు.

మా విద్య పేరు వినడానికి గొప్పగా ఉంటుంది. సముద్ర సూక్ష్మజీవశాస్త్రం. చేసే పని మాత్రం సీసాలు కడగడం, ఉడికించడం, నింపడం, లెక్కపెట్టడం. ఒక చెంచాడు సముద్రపు నీటిలో లక్షలకొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి. వినగానే మొహం అలా పెట్టనక్కర్లేదు. అవి లేకపోతే చచ్చిన చేప చచ్చినట్టే పడుంటుంది. నీటిలోని నాచుకి ఎరువు అందదు, నాచు లేకపోతే బతికున్న చేపకి తిండి ఉండదు. మనం ఒడ్డున నిలబడి ఆహా అని పీల్చే సముద్రపు వాసన కూడా చాలామటుకు ఈ కంటికి కనపడని జీవాల చలవే.

మేం వెతికేది వాటిని కాదు. మనుషుల పేగుల్లో, పశువుల పేగుల్లో ఉండే కోలిఫాం అనే రకాన్ని. అవి నీటిలో దొరికాయంటే మురుగు కలిసిందని లెక్క. ఉప్పూ ఎండా వాటికి పడవు కాబట్టి సముద్రంలో ఎక్కువకాలం బతకవు. ఈ వాక్యం నేను విద్యార్థిగా చాలాసార్లు రాశాను. మార్కులు కూడా వేశారు.

చేరిన వారానికే ఒక పని అప్పగించారు. భావనపాడుకి అవతల ఒక చిన్న మత్స్యకార పల్లె ఉంది. పల్లెని ఆనుకుని ఒక ఉప్పుటేరు, ఊరి మురుగంతా అందులోకే. అక్కణ్ణించి నెలకోసారి రెండు సీసాల నీళ్ళు తేవాలి. ఒకటి ఏటిలోంచి, ఒకటి కెరటాలు విరిగే చోటు దాటాక సముద్రంలోంచి. దానికో పద్ధతుంది. ల్యాబులో ఆవిరికి ఉడికించిన సీసాని అక్కడి నీటితో కడగకూడదు. మూతి కిందికి పెట్టి ముంచి, లోపల ప్రవాహానికి ఎదురు తిప్పాలి. పైన కాస్త ఖాళీ వదలాలి. ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబుకి చేర్చాలి. నీళ్ళు తీసినవాళ్ళే, తీసిన చోటే, సీసా మీద పేరు రాయాలి.

ఈ ఆఖరిది మేం చెయ్యలేదు.

మా ఫీల్డు అసిస్టెంటు శామ్యూలుది కొత్తవలస. బాప్టిస్టు చర్చిలో పాటలు పాడతాడు, ల్యాబులోనూ పాడతాడు. పడవెక్కింది అతను. నాకు పడవ పడదు. సముద్రం మీద డాక్టరేటు ఉంది గాని సముద్రం మీద కూర్చోలేను. పడవలోకి నీళ్ళు కొట్టి శామ్యూలు పెన్ను రాయనంది, ఒడ్డుకొచ్చాక రాద్దామనుకున్నాడు. ఒడ్డుకొచ్చాక పడవ లాగడానికి ఒక చెయ్యి తక్కువైంది. సీసాలు రెండూ పడవాయన భార్య నూకమ్మ చేతికిచ్చి తను తాడు పట్టుకున్నాడు. ఆమె తెచ్చి నాకిచ్చింది.

నేనొక సీసా పైకెత్తి, ఇది ఎక్కడిదమ్మా అన్నాను. గాలి హోరుమంటోంది. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏటి? నీల్లా?" అంది.

నేను గుండ్రటి అక్షరాలతో "ఏటి నీళ్ళు" అని రాశాను. రెండోదాన్ని గురించి అడగాల్సిన పని లేదు గనక "సముద్రం" అని రాశాను. మేడమే రాశారు కదా అని శామ్యూలు చూడలేదు.

ల్యాబులో మొదట ఉప్పు శాతం చూస్తాం. "సముద్రం" సీసాలో ఉప్పు తక్కువగా, "ఏటి" సీసాలో ఎక్కువగా ఉంది. ఇంకెవరైనా అయితే ఇదేమిటని ఆగుదురు. నేను చదువుకున్నదాన్ని. వానల తరవాత నదుల వరదంతా చేరి ఈ తీరంలో సముద్రం పైనీరు చప్పబడుతుందని నాకు తెలుసు. అదే రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. తరవాత గాజు గొట్టాల్లో పోషక ద్రావణం పోసి, నీళ్ళు కలిపి, వెచ్చటి పెట్టెలో రెండు రోజులుంచాం. కోలిఫాం ఉంటే, ఒక్కో గొట్టం లోపల బోర్లించి పెట్టిన చిన్న గొట్టంలో గాలి బుడగ నిలుస్తుంది. "సముద్రం" గొట్టాలన్నిటిలోనూ నిలిచింది.

రిపోర్టు వెళ్ళిన మూడో రోజున పల్లె ఒడ్డున బోర్డు వెలిసింది. ఇక్కడి సముద్రంలో మలసంబంధమైన కాలుష్యం ఉన్నది, తస్మాత్ జాగ్రత్త. ప్రభుత్వం అంత చురుగ్గా పనిచేయడం నా సర్వీసులో అదే మొదటిసారి. నేను గర్వపడ్డాను కూడా.

ఆ తరవాతి వారం నూకమ్మ బస్సెక్కి ల్యాబుకి వచ్చింది. టెక్కలి నుంచి వచ్చే కొనుగోలుదార్లు బోర్డు చదివి వెనక్కి పోతున్నారట. పచ్చి చేప కుళ్ళింది, ఎండబెడితే ఎండు చేపనీ ముట్టుకోవట్లేదట. వెంట ఒక కూల్‌డ్రింకు సీసాలో సముద్రపు నీళ్ళు తెచ్చింది. నా బల్ల మీద టక్కున పెట్టి, "సూడమ్మా. మా సముద్రానికేటైనాదో సూసి సెప్పు. ఏటి రాసినావు మామీద?" అంది.

అది ఉడికించిన సీసా కాదు గనక పరీక్షకి పనికిరాదని చెప్పాను. తరవాత నెమ్మదిగా, నీ మీద ఏమీ రాయలేదమ్మా, నువ్వు చెప్పినట్టే ఒక సీసా మీద ఏటి నీళ్ళు అని రాశాను అన్నాను.

"ఏటి నీల్లు?" అంది ఆమె.

"అవును, ఏటి నీళ్ళు."

"అదే, ఏటి నీల్లని అడగతన్నాను."

పక్క గదిలో శామ్యూలు పాట ఆగిపోయింది. తలుపు దగ్గరికొచ్చి నిలబడి, "మేడమ్, మా వేపు ఏటి అంటే ఏమిటి అని" అన్నాడు.

రిజిస్టరు తెరిచి ఉప్పు శాతం చూసుకున్నాను. అది మొదటి రోజు నుంచీ నాకు చెబుతూనే ఉంది. ఛీ, నా చదువు మండా అనిపించింది.

మా డిప్యూటీ డైరెక్టరు మంచాయన. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. వచ్చే నెల రిపోర్టు ఎలాగూ శుభ్రంగా వస్తుంది, సముద్రం తనంతట తనే బాగుపడిందనుకుంటారు, ప్రమోషను ముందు నీకెందుకీ తంటా అన్నారు. అబద్ధం చెప్పను, ఆ మాట నాకు రుచించింది. బయటికొచ్చి నూకమ్మతో, ఒక్క నెల ఓపిక పట్టమన్నాను. ఆమె అరవలేదు. "నెల్లాల్లు మా పిల్లలకేటి పెట్టమంతావు?" అని అడిగి, జవాబు కోసం వరండాలో కూర్చుంది. భోజనాల వేళ దాటినా అక్కడే ఉంది. నేను డబ్బా విప్పలేకపోయాను. మూడింటికి లోపలికి పోయి, మర్నాడు మళ్ళీ నీళ్ళు తీయడానికి అనుమతి రాయించుకున్నాను.

ఈసారి పడవ నేనే ఎక్కాను. మింగలేక కక్కలేక అంటారు. నేను కక్కాను. నా వీపు నిమరడానికి నూకమ్మ కూడా ఎక్కింది. రెండు సీసాల మీదా తీసిన చోటే, తడికి చెరగని పెన్సిలుతో రాశాను. సముద్రం శుభ్రంగా ఉంది. మునుపు సముద్రం పేర రాసినంత మురికీ ఏట్లో ఉంది. సవరణ రిపోర్టులో కారణం అనే గడిలో "సీసాల పేర్లు తారుమారు, బాధ్యత నాది" అని రాశాను. నాకు మెమో వచ్చింది. ప్రమోషను జాబితాలోంచి పేరు పోయింది, తిరిగి రాలేదు. జూనియర్ సైంటిస్టుగానే రిటైరయ్యాను.

బోర్డు పెట్టడానికి ఉత్తర్వుంది గాని తీయడానికి లేదు. మరుసటి నెల నేను వెళ్ళేసరికి నూకమ్మే పీకేసి, ఇసకలో వెల్లకిలా పరిచి దాని మీద చేపలు ఎండేసింది. టెక్కలి వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. నన్ను చూసి నవ్వి, ఏటి వైపు చెయ్యి చూపించి, "మరి ఏటికి బోర్డెట్టనేదు?" అంది.

ఏటికి అంటే ఏరనా, ఎందుకనా అని అడిగాను. ఈసారి రాసే ముందే అడిగాను.

"రొండూను" అంది.

తప్పు పేరుతో పంపిన ఫలితానికి మూడు రోజుల్లో బోర్డు వచ్చింది. సరైన పేరుతో నేను రిటైరయ్యేదాకా నెలనెలా అదే ఫలితం పంపాను. ఏటికి మాత్రం బోర్డు రాలేదు. సీసా మీద పేరు తీసిన చోటే రాయాలని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేదాన్ని. పేరు సరిగ్గా రాసినంత మాత్రాన ఎవరో చదువుతారని మాత్రం ఎవరికీ చెప్పలేదు.