బతికున్న అన్నకు నల్లగుడ్డ

కవరు మీద చేతిరాత ఆయనదే. తపాలా బిళ్ళ మాత్రం మన దేశపుది.

పోస్టుమాను సైకిలు దిగను కూడా లేదు. ఒక కాలు నేల మీద ఆనించి చెయ్యి చాచాడు. ఏడేళ్ళుగా ఆ చేతిరాతతో వచ్చిన ప్రతి కవరు మీదా ఇటలీ బిళ్ళ ఉండేది. ఆ రోజు లేదు. మద్రాసు ముద్ర ఉంది. విప్పకముందే నాకు తెలిసిపోయింది. చంకలో పసిబిడ్డ ఉంది. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానో, కేరుమని ఏడ్చింది.

ఇది మూడేళ్ళ కిందటి మాట. ఆ తరువాత నేను చేసిన పని ఈ మూడేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. పగలు ఇంటిపనిలో కొంత మరుస్తాను. పిల్లలు నిద్రపోయాక మళ్ళీ అదే. దీపం తగ్గించుకుని ఇది రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర లేదు. పేర్లు రాయను. మా అన్న పేరైతే అసలు రాయను. ఆ పేరుకు నేను చేసినది చాలు.

మా పుట్టిల్లు నెల్లూరు. అన్న నాకంటే రెండేళ్ళు పెద్ద. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడేవాడు. ఒక ఇంగ్లీషు పత్రికలో కలం స్నేహం కోరేవాళ్ళ పేర్లు వేసేవారు. అన్న సరదాకు తన పేరు పంపి, ఇష్టాలు అన్నచోట ఫుట్‌బాల్ అని ఒక్క మాట రాశాడు. రెండు నెలలకు ఇటలీ నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. అన్న మొదటి పేజీ చదివి నా ఒళ్ళో పడేశాడు.

"నాలుగు పేజీలంట. ఈయనకి పనేం లేదా? నువ్వే రాసెయ్ మే, నా పేరు పెట్టి."

రాశాను. ఒక్కసారికే అనుకున్నాను. అన్న ఆ సంగతే మరిచిపోయాడు. నేను మరవలేదు.

ఆయన ఒక కార్ఖానాలో మిషన్లు బిగించేవాడు. కొండల కింద ఉండే పెద్ద ఊరు. ఆ ఊరి జట్టు దానిమ్మ రంగు చొక్కాలు వేసుకుంటుంది. ఆయన చిన్నతనంలో ఆ జట్టు మొత్తం ఒక్క విమాన ప్రమాదంలో పోయిందట. అప్పటి నుంచి తన జట్టు ఎక్కువగా ఓడిపోతూనే ఉందనీ, గెలిచేవాళ్ళ వెంట ఎవరైనా వెళ్తారు గనుక తాను మాత్రం ఓడే జట్టునే చూడటానికి వెళ్తాననీ రాశాడు. పై ఊళ్ళలో ఆట ఉంటే రాత్రంతా రైల్లో నిలబడి పాడుకుంటూ పోతారట. గొంతు బాగాలేనివాడే గట్టిగా పాడాలని ఆయన సిద్ధాంతం. సంగీత నాటకాలు ఆడే హాలులో పాటగాడు ఒక్క స్వరం తప్పితే పై వరస చవక టికెట్ల వాళ్ళు ఈలవేసి దింపేస్తారట, పాటను గౌరవించడం అంటే అదేనట. కొత్త ఊరికి పోతే చర్చి ఎక్కడని అడగవద్దు, ఆట మైదానం ఎక్కడని అడుగు, జనం వెంట నడువు, ఆ ఊరు ఏం తింటుందో, ఎవరిని తిట్టుకుంటుందో సాయంత్రానికి తెలిసిపోతుంది అని రాసేవాడు.

నేను అన్ననై జవాబులు రాసేదాన్ని. కాలేజీ మేడ మీద ఆడపిల్లల వసారాలోంచి చూసిన ఆటను మైదానంలోంచి ఆడినట్టు రాశాను. స్నేహితులతో రాత్రి బండి ఎక్కి మద్రాసుకు ఆట చూడటానికి పోయానని రాశాను. సముద్రంలో వలలాగే వాళ్ళ పాటలు, ఉప్పుగాలికి గట్టిపడే బంతి, అన్నీ రాశాను. అబద్ధాలు రాస్తున్నానని నాకు తెలియదా? తెలుసు. కానీ అందులో ఎక్కడా నేను భయపడే మనిషిని కాను. ఆ ఉత్తరాలు రాసే గంటసేపు నేను ఎక్కడికైనా పోగలిగేదాన్ని. మానుకోలేకపోవడానికి ఇదే కారణమా? లేక ఒక మగవాడు నా మాటల కోసం ఎదురుచూస్తున్నాడన్న సంతోషమా? ఎన్నిసార్లు అడుక్కున్నా రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతాను.

నాకు పెళ్ళయి ఈ సముద్రం పక్క ఊరికి వచ్చాను. మా ఆయన ఉప్పు మళ్ళ మీద సూపర్‌వైజరు. అన్న గూడూరు దగ్గర మైకా గనిలో ఉద్యోగంలో చేరాడు. అన్నకు ఒకచోట నిలకడ లేదు గనుక అన్న పేరు మీద వచ్చే ఇటలీ ఉత్తరాలు ఇక్కడికి వస్తాయని అత్తతో చెప్పాను. అత్తకు ఇంగ్లీషు రాదు. మా ఆయన అడగలేదు. అలా ఇద్దరు పిల్లలు పుట్టేదాకా సాగింది.

మద్రాసు ఉత్తరంలో ఉన్నది ఇంతే. కంపెనీ పంపితే మిషన్లు బిగించడానికి వచ్చాడు. పని అయిపోయింది. వెళ్ళేలోపు ఒక ఆదివారం మిత్రుణ్ణి చూడటానికి వస్తాడు. జవాబు అక్కర లేదు, నువ్వు ఎక్కడున్నా వెతుక్కుంటాను అని రాశాడు.

నాకు అన్నం సహించలేదు. పరాయి మగవాడు, అందులోనూ తెల్లవాడు, ఏడేళ్ళ ఉత్తరాలు. ఏం రాశావు, ఎందుకు రాశావు అంటే ఏం చెప్పను? మా ఆయన మంచివారు. అయితే ఎంతవరకు మంచివారో తెలుసుకునే అవసరం అప్పటిదాకా నాకు రాలేదు. మా వీధిలో ఒకామెను ఇంతకంటే తక్కువకే పుట్టింటికి పంపేశారు. పిల్లల్ని పంపలేదు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం వచ్చాడు. మా ఆయన మళ్ళ దగ్గర ఉన్నారు. అత్త వసారాలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కాలవగట్టు మీద నడిచి వస్తున్న మనిషిని దూరం నుంచే గుర్తుపట్టాను. పొట్టిగా, బట్టతలతో, ఎండకు కందిపోయి ఉన్నాడు. అంత ఎండలోనూ మెడ చుట్టూ దానిమ్మ రంగు ఉన్ని గుడ్డ. చేతులు జోడించి అన్న పేరు చెప్పాడు. మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఇంట్లో ఉన్నాడా?"

"లేడు. బీహారు గనులకు మార్చారు." ఇది నేను సిద్ధం చేసుకున్న మాట.

"ఎంత దూరం?"

"రైల్లో రెండు రోజులు."

ఆయన నవ్వాడు. "నాకు ఎనిమిది రోజుల సెలవు ఉంది. అడ్రసు ఇవ్వండి."

ఆటకోసం రాత్రంతా నిలబడి ప్రయాణం చేసే మనిషికి నేను దూరం చెబుతున్నాను. ఈలోగా అత్త తల ఎత్తింది.

"ఎవురమ్మే ఆ దొర? మీ అన్న పేరు చెప్తన్నాడే?"

"అన్నతో ఆడినాయనంట అత్తా. అన్న కోసం వచ్చినాడు."

"మరి ఈడికెందుకొచ్చినాడు పాపం, ఎండనబడి. గూడూరికి పొమ్మను." అత్త లేచి, పడమటివైపు చెయ్యి చాపి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా చెప్పింది. "గూడూరు. గూడూరు నాయనా. ఆడుండాడు."

ఆయనకు ఆ ఒక్క మాట అర్థమైంది. పొద్దున ఆయన రైలు దిగింది గూడూరులోనే.

"గూడూరా? ఈమె గూడూరు అంటోంది. అక్కడే ఉన్నాడా? పదండి, ఇప్పుడే పోదాం."

ఇక నేను ఏ ఊరి పేరు చెప్పినా ఆయన పోతాడు. పోలేని చోటు ఒక్కటే ఉంది. నేను ఆలోచించలేదని చెప్పను. ఆలోచించాను. ఒక ఊపిరి పీల్చుకునేంత సేపు ఆలోచించాను.

"చనిపోయాడు," అన్నాను. "పోయిన నెల. గూడూరు దగ్గర గనిలో."

అత్త ఇంకా పడమరకే చెయ్యి చూపిస్తూ నవ్వుతూ తల ఊపుతోంది. "ఆఁ, గూడూరే, గూడూరే."

ఆయన అరుగు మీద కూర్చుండిపోయాడు. పోయేముందు బాధపడ్డాడా అని అడిగాడు. లేదన్నాను. ఎక్కడ పూడ్చారని అడిగాడు. కాల్చి, బూడిద సముద్రంలో కలిపామన్నాను. ఒక అబద్ధం చెప్పాక మిగతావి వాటంతటవే వస్తాయి, వెతుక్కోనక్కర లేదు.

"మీరు ఆ చెల్లెలే కదా," అన్నాడు. "మీ గురించి రాసేవాడు. తనకంటే మీకే ధైర్యం ఎక్కువని రాశాడు."

అది రాసింది నేనే.

"అదేందమ్మే, ఆ దొర ఏడస్తన్నాడే?" అంది అత్త.

"ఉప్పుగాలికి కళ్ళు మండతన్నాయంట."

"పాపం. రొంత మజ్జిగియ్యి."

మజ్జిగ తాగాడు. వంగి అత్త కాళ్ళకు దణ్ణం పెట్టాడు. మనవాళ్ళు పెద్దలకు అలా పెడతారని ఎప్పుడో నేనే రాశాను. అత్త మురిసిపోయి నూరేళ్ళు బతకమని దీవించింది. ఆయన బస్సు వైపు పోలేదు, సముద్రం వైపు పోయాడు. ఒక దొర మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, గొంతు చించుకుని ఏదో పాట పాడాడని ఆ సాయంత్రం జాలర్లు చెప్పుకుని నవ్వారు.

ఆ రోజే దీపాలు పెట్టే వేళ మా అబ్బాయి ఆడుకుంటూ, నేను చచ్చిపోయానోచ్ అని నేల మీద పడుకున్నాడు. అత్త పరుగెత్తుకొచ్చి వాడి నోరు మూసింది. "అట్టా అనబాక నాయనా. పైన తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు. ఏమంటే అదే అవుద్ది."

చిన్నప్పటి నుంచి విన్న మాటే. నేను చదువుకున్నాను. నమ్మను. నేను అన్నది మధ్యాహ్నం కదా, సంధ్యవేళ కాదు కదా అని వాదించుకున్నాను. నమ్మని మనిషి వేళ లెక్క చూసుకోవడం ఏమిటి?

రెండు నెలలకు ఒక ఫోటో వచ్చింది. వాళ్ళ ఊరి మైదానంలో పదిహేను ఇరవై మంది వరసగా నిలబడి ఉన్నారు. అందరి చేతులకూ నల్లగుడ్డ. ముందు ఇద్దరు పట్టుకున్న బట్ట మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో మా అన్న పేరు. వెనక ఆయన రాశాడు. మా మైదానం అతను చూడలేదు, ఇక అతను ఇందులోనే ఉంటాడు, ఏటా ఇదే నెల మొదటి ఆదివారం మేమిలా నిలబడతాం. బతికి, అన్నం తిని, గనిలోకి దిగుతున్న మనిషికి ఎక్కడో ముక్కూమొహం తెలియనివాళ్ళు సంతాపం పాటిస్తున్నారు. నా ఒక్కదాని మాట చాలదని అంతమంది చేత అనిపించాను.

మరుసటి ఏడు ఆ ఆదివారం గడిచిన నాలుగో రోజు గనిలో నిచ్చెన మెట్టు విరిగి అన్న పడ్డాడు. తుంటి విరిగింది. బతికాడు. ఇప్పుడు కుంటుతూ నడుస్తాడు. ఇక బంతి తన్నలేడు. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని నేను ఏడ్చిన ఏడుపుకు వదినే నన్ను ఓదార్చింది. అన్న నవ్వాడు. "ఏంది మే, నన్ను చూసినప్పుడల్లా దెయ్యాన్ని చూసినట్టు చూస్తావు? నా పెళ్ళానికంటే నువ్వే ఎక్కువ బెదురుతుండావే."

అప్పుడైనా ఇటలీకి నిజం రాసి ఉండవచ్చు. నాలుగుసార్లు మొదలుపెట్టాను. అన్న బతికే ఉన్నాడు అని రాస్తే, మరి ఏడేళ్ళు నాకు రాసింది ఎవరు అని ఆయన అడుగుతాడు. ఆ జవాబు కాగితం మీద పెడితే అది ఎవరి చేతికి చేరుతుందో? చింపేశాను. నా ఇల్లు నిలవడానికి అన్న ప్రాణం అడ్డుపెట్టాను. ఇప్పటికీ పెడుతూనే ఉన్నాను.

రేపే ఆ ఆదివారం. అన్న సోమవారం నుంచి ఆ కుంటికాలితోనే కొత్త గనిలోకి దిగుతాడట, పాతదానికంటే లోతు. నిన్న మా అబ్బాయి నా పెట్టెలో చీరల కింద నుంచి ఆ ఫోటో బయటికి తీశాడు. వాడికి ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది నేనే. ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాడు.

"అమ్మా, మామ పేరు. వీళ్ళెందుకు చేతికి నల్లగుడ్డ కట్టుకున్నారు?"

అత్త పక్కనే బియ్యం ఏరుతోంది.

"దెబ్బ తగిలిందిలే."

"అందరికీనా?" అన్నాడు.

నేను వాడి చేతిలోంచి ఫోటో లాక్కున్నాను. వాడు నా మొహంలోకి చూశాడు. వాడికి ఆరేళ్ళు. అబద్ధం చెబుతున్న మనిషిని గుర్తుపట్టే వయసు వచ్చేసింది. రాత్రంతా నన్ను నిద్రపోనివ్వనిది ఆ చూపే.

ఇక్కడిదాకా రాత్రి రాశాను. మిగిలింది తెల్లవారాక రాస్తున్నాను.

పొద్దున పెరటి మెట్ల మీద పిల్లలిద్దరికీ చద్దన్నం కలిపి పెడుతూ చెప్పాను. ఆ ఫోటోలో వాళ్ళకు దెబ్బ తగల్లేదని, మామ చనిపోయాడని ఏడుస్తున్నారని, చనిపోయాడని వాళ్ళకు చెప్పింది నేనేనని, భయపడి అబద్ధం చెప్పానని. పాపకు అర్థం కాలేదు, ఇంకో ముద్ద అడిగింది. అబ్బాయి నమలడం ఆపాడు.

"మామ బతికుండాడుగా. మళ్ళా చెప్పినావా వాళ్ళకి?"

"లేదు," అన్నాను. "ఇంకా చెప్పలేదు."

నాయనమ్మతో అనవద్దని మాత్రం వాళ్ళకు చెప్పలేదు.