మూడో వీధి దొంగ

లవోన్ టోలెఫ్సన్‌కు ఒకప్పుడు దేనికీ భయముండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు లిండ్‌బీ ఊళ్ళో ఉత్తరాలు పంచిన మనిషి. మినెసోటా మంచులో మోకాళ్ళ దాకా దిగబడుతూ ప్రతి ఇంటి మెట్లూ ఎక్కి దిగింది. ఎవరింట్లో ఏ మెట్టు కిర్రుమంటుందో, ఎవరి కుక్క అరుస్తుందో, ఎవరిది కరుస్తుందో ఆమెకు తెలుసు. అలాంటిది రిటైరైన మూడేళ్ళకే, సొంత తలుపు గంట మోగితే కర్టెన్ వెనక నక్కి చూసే స్థితికి వచ్చింది. తప్పు వయసుదని తీర్పు చెప్పేయకండి. అది పాపం ఇప్పటికే చాలా నిందలు మోస్తోంది.

తప్పు ఫోనుది. కోడలు కెమెరా ఉన్న కాలింగ్ బెల్ ఒకటి బిగించి, ఇరుగుపొరుగులంతా ఉండే గ్రూపులో ఈవిణ్ణి చేర్చిపోయింది. "కాలక్షేపంగా ఉంటుంది అత్తయ్యా" అంది. ఎందుకుండదు? పొద్దున కాఫీ పడకముందే టింగుమనేది: 'తెల్ల వ్యాను రెండుసార్లు తిరిగింది, జాగ్రత్త.' అది ప్లంబరు వ్యాను. 'చప్పుడైంది, తుపాకీయేనా?' పేలింది టపాకాయ. పిల్లి తప్పిపోయిందని ఎవరైనా రాస్తే ముగ్గురు పలికేవారు. దొంగ అన్న మాట పడిందా, ముప్ఫై మంది లేచేవారు. భయపడ్డ మనిషి ఫోను కింద పెట్టడని ఆ గ్రూపు నడిపే కంపెనీవాళ్ళకు తెలుసు. లవోన్ కూడా పెట్టలేదు. ఆ మూడేళ్ళలో మూడో వీధిలో ఒక్క దొంగతనమూ జరగలేదు. ఆమె తలుపుకు మాత్రం రెండో గడియ వచ్చింది.

ఆగస్టులో ఒక సోమవారం పొద్దున అయిదున్నరకు ఫోను టింగుమంది. ఎనిమిది సెకన్ల వీడియో. ఆమె వరండాలో ముసుగు మనిషి! వంగినవాడు లేచి, అటూ ఇటూ చూసి, ఖాళీ సంచీ ఊపుకుంటూ గబగబా మెట్లు దిగిపోయాడు. లవోన్ వెంటనే దాన్ని గ్రూపులో పెట్టింది: 'మా వరండాలో దొంగ. ఎవరైనా గుర్తుపట్టగలరా?'

మధ్యాహ్నానికి మూడొందల పన్నెండు మంది పలికారు. మత్తుమందులవాడన్నారు. పక్క ఊరినుంచి వచ్చిపడుతున్నారన్నారు. నా మెట్లెక్కితే తుపాకీతోనే పలకరిస్తానన్నాడు చివరింటి డేల్ ఓస్బీ. ఒక్కో మాటకూ లవోన్ భయం పెరిగింది. దాచడమెందుకు, కాస్త గొప్పగానూ అనిపించింది. తన మాటకు అంతమంది బదులివ్వడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

గురువారం ఇంకో వీడియో వచ్చింది. పేవ్‌మెంటు అంచున ఎవరో కూర్చుని ఉంటే పోలీసు నిలబడి ఉన్నాడు. దూరంనుంచి తీసింది, వీపు తప్ప ఏమీ కనపడదు. కింద 'మూడో వీధి దొంగ దొరికాడు' అని రాసుంది. లవోన్ చప్పట్లు కొట్టే చేతుల బొమ్మ పెట్టి, ఆ రోజు హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం చెల్లెలు ఆర్డిస్ వచ్చింది. లవోన్ కాఫీ పోసి, దోసకాయలాంటి జుకినీ కాయ కోరి, పిండిలో కలిపి కాల్చిన తీపి రొట్టె ముక్క కోసి పెట్టింది.

"బాగుందక్కా. జుకినీలెక్కడివి? నువ్వు తోటే వెయ్యలేదుగా."

"వరండాలో ఉన్నాయి."

ఆగస్టులో మా ఊళ్ళో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు. ఒక్క జుకినీ పాదు పెడితే వీధికంతా సరిపడా కాస్తుంది. చేతికిస్తే ఎవరూ పుచ్చుకోరు, అందరింట్లోనూ గుట్టలున్నాయి. అందుకని తెల్లవారుతుండగా ఎవరి కంటా పడకుండా పక్కవాళ్ళ గుమ్మంలో పడేసి పారిపోవాలి. ఎవరు పెట్టారని ఆరా తియ్యడం మర్యాద కాదు. వాన ఎవరు కురిపించారని అడుగుతామా?

ఆర్డిస్‌కు ఆ మర్యాద కొంచెం తక్కువ. "ఎప్పుడున్నాయి?"

"సోమవారం పొద్దున."

"దొంగొచ్చిందెప్పుడు?"

"సోమ..." లవోన్ నోట్లో రొట్టె ఆగిపోయింది.

"అయితే నీ దొంగ ఎత్తుకుపోయిందేమిటి? పెట్టిపోయాడు గానీ!"

"మరి ముసుగెందుకే?"

"దోమలే తల్లీ! ఈ నెలలో తెల్లారకుండా మొహానికి వల లేకుండా తిరిగితే మనిషి మిగులుతాడా?" ఆర్డిస్ గొంతు తగ్గింది. "అక్కా, నిన్న పోలీసులు కూర్చోబెట్టింది ఎవర్నో తెలుసా? మీ ఎదురింటి ఆరిన్‌ని."

ఆరిన్ సేథర్ ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో వడ్రంగం నేర్పాడు. డెబ్బై నాలుగేళ్ళ ఆ మనిషిని సంచీతో చూసి 'వాడే, ఆ ముసుగువాడే' అని గ్రూపులో ఎవరో చాటి, పోలీసులకు ఫోను చేశారు. వచ్చిన పోలీసు కూడా ఆయన శిష్యుడే. సంచీ బోర్లిస్తే రోడ్డు మీద జుకినీలు దొర్లాయట. రంపం కింద పడకుండా వేళ్ళు ఎలా కాపాడుకోవాలో ఈ ఊరికి నేర్పింది ఆయన. ఆ కాపాడుకున్న వేళ్ళతోనే సగం ఊరు ఆయన్ని మత్తుగాడని రాసింది!

లవోన్ రోడ్డు దాటి వెళ్ళింది. ఆరిన్ తలుపు సగమే తీశాడు.

"ఆరిన్, ఆ వీడియో పెట్టింది నేనే."

"తెలుసు. నీ మెట్లు చేసిందే నేను. వాటిని గుర్తుపట్టనా?"

"మొహం కనపడలేదు. నిజంగా..."

"ఇదివరకైతే తలుపు తీసి 'ఎవర్రా అదీ' అని అరిచేదానివి. ఇప్పుడు మూడొందల మందిని అడిగావు, ఎదురింటివాణ్ణి తప్ప."

"అందరికీ చెప్తాను."

"చెప్పు. నేను మాత్రం ఇక పొద్దున నడకకు రాను లవోన్. డేల్ దగ్గర తుపాకీ నిజంగానే ఉంది." తలుపు పడింది.

ఆమె ఇంటికి పోయి గ్రూపులో అంతా రాసింది. తప్పు నాది, ఆయన సేథర్ మాస్టారు, క్షమించండి అని. రాత్రికి తొమ్మిది మంది చూశారు. ఒకడు 'అయినా జాగ్రత్త మంచిదే' అన్నాడు. పాత వీడియో కింద మాత్రం నలభై తిట్లు కొత్తగా పడ్డాయి. నిందను గుర్రమెక్కించి ఊరంతా తిప్పిన ఆ ఫోను, క్షమాపణ దగ్గరికి వచ్చేసరికి కుంటిదైపోయింది! లవోన్‌కు ఒళ్ళు మండిపోయింది. ముందు ఫోను మీద, తరవాత దాని మీద ఆడిన సొంత బొటనవేలి మీద.

శనివారం పొద్దున బయల్దేరింది. గ్రూపు అక్కర్లేదు, ఈ వీధి గుమ్మాలన్నీ ఆమెకు తెలిసినవే. మొదటి ఇంట్లోనే బెల్లు మాట్లాడింది: "ఎవరు మీరు? మీరు రికార్డవుతున్నారు."

"అవనీ. బార్బ్, వంటింట్లోనే ఉన్నావు, రేడియో వినపడుతోంది. బయటికి రా."

బార్బ్ వచ్చింది. అంతా విని నోరు నొక్కుకుంది. "అయ్యో, మాస్టారా! నేను పెద్దగా ఏమీ రాయలేదు లవోన్, ఒక్క మాటే."

"అందరూ ఒక్క మాటే రాశారు. అవన్నీ కలిసే ఆయన్ని రోడ్డు మీద కూర్చోబెట్టాయి. నువ్వే పోయి చెప్పుకో."

పదకొండిళ్ళు అయ్యాయి. కొందరు సిగ్గుపడ్డారు. కొందరు 'అసలు నేను చూడనేలేదే' అని అబద్ధమాడారు. పన్నెండో ఇంటి ముందు నిలబడి లవోన్ చెమట తుడుచుకుంటూ ఉండగా వెనకనుంచి గొంతు వినపడింది.

"డేల్ ఇంటికి పోయావా?"

ఆరిన్. మొహానికి వల లేదు.

"ఇంకా లేదు."

"చివరికి దాచుకున్నావన్నమాట."

"భయమేసింది."

"నాకూ వేసింది. పద. నేను మెట్ల కింద నిలబడతాను. వాడికి రెండేళ్ళు పాఠం చెప్పాను, ఒక్క స్టూలూ నిలబడేట్టు చెయ్యలేదు వెధవ."

ఇద్దరూ చివరింటికి నడిచారు. డేల్ ఇంటి బెల్లు నీలంగా మెరిసి, ఏదో అనబోయింది. లవోన్ దానివంక చూడను కూడా లేదు. పిడికిలి బిగించి తలుపు మీద దబదబా బాదింది.

"తలుపు తియ్యి డేల్! నీ దొంగ వచ్చాడు. వచ్చి మొహం చూడు!"