స్ప్రింగులు కోయించిన కారు

ఆ రోజు తప్పు నాది, తిట్లు తిన్నది మెకానిక్ మస్తాన్. నా పాత స్పోర్ట్స్ కారు కిందికి దిగి కనిపించాలని, అతను వద్దంటున్నా స్ప్రింగులు కోయించాను. మర్నాడే బేతంచెర్ల బజారులో స్పీడ్ బ్రేకర్ మీద కారు అడుగుభాగం ఆనుకుని ఇరుక్కుపోయింది. వెనక బండల లారీలు ఆగిపోయాయి.

"ఏమప్పా, కారు పండుకుండాదా?" అన్నాడో డ్రైవరు. అందరూ నవ్వారు.

జాకీతో పరుగెత్తుకొచ్చిన మస్తాన్‌ మీదే అరిచాను: "పని రానోనికి షెడ్డెందుకు?"

"వద్దని మూడుసార్లు చెప్పలేదాప్పా? ఇంగ నా షెడ్డుకు ఎవురొస్తారు?" అంటూనే కారు లేపాడు.

తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది. మర్నాడు అతనికి క్షమాపణ చెప్పి, అతని చేతే కొత్త స్ప్రింగులు వేయించాను. సాయంత్రం దాకా షెడ్డు ముందే కూర్చుని, అడిగిన ప్రతి లారీ డ్రైవరుకూ చెప్పాను: "ఆయన వద్దన్నాడు, నేనే కోయించినా."