పక్క కంప్యూటర్లో తెరిచే ఉన్న ఫైలు

మా పాపకు పది నెలలు. మిర్యాలగూడలో మా నెట్ సెంటర్ నేనే చూసుకుంటున్నాను. దామరచర్ల నుంచి ఒకావిడ కూతురి హాస్టల్ సీటు దరఖాస్తుకు వచ్చింది. సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది. అమ్మాయి దరఖాస్తు ఫైలు నేను సేవ్ చేయబోతే కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ పెట్టినా అంతే.

"జర సూడు బిడ్డా, ఐదు కావొస్తంది."

"సర్వర్ పనిచేస్తలేదమ్మా, నేనేం చెయ్యాలె?" అని విసుక్కున్నాను.

ఐదు దాటింది. "నీ తప్పేముంది, మిషన్ గదా. పాప ఏడుస్తంది, సూసుకో" అని ఆవిడ కూతుర్ని తీసుకుని వెళ్లిపోయింది.

పాపను ఎత్తుకుని పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్తే, అదే ఫైలు అక్కడ తెరిచి ఉంది. అమ్మాయి ఫోటో సరిచేస్తూ, పాప ఏడ్చిందని మూయకుండా లేచింది నేనే. రెండు కంప్యూటర్లూ కలిపే ఉంటాయి, ఫైలు ఒక్కటే; అక్కడ మూస్తే తప్ప ఇక్కడ సేవ్ కాదు.

ఆవిడ ఫోన్ నంబరు ఆ ఫైల్లోనే ఉంది. పాప నిద్రపోయాక రోజూ తీసి చూస్తాను. తప్పు నాదేనని చెప్పడానికి ఇంకా ధైర్యం రాలేదు.